సరిగ్గా రాని ఫోటోలు చూపించు, కెమెరా సంగతి చెప్తా

మా అక్క కూతురు తిరుపతిలోనే డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "మామా, ఈ కెమెరా చూడు. నలభై ఎనిమిది మెగాపిక్సెలంట, పదహారు రెట్లు జూమంట, రేటేమో ఆరు వేల లోపే ఉండాది. తీసుకునేదా?"

కొన్నాళ్లు పెళ్లిళ్లకు ఫోటోలు తీసినవాణ్ణి కాబట్టి బంధువుల్లో ఎవరి మనసు కెమెరా మీదికి పోయినా నా దగ్గరికే వస్తారు. మొదట్లో నేను మోడల్ పేరు అడిగేవాణ్ణి. తర్వాత బడ్జెట్ అడిగేవాణ్ణి. ఇప్పుడు ఆ రెండూ అడగను. "నీ ఫోనులో సరిగ్గా రాని ఫోటోలు ఒక మూడు చూపించు" అంటాను. అడిగేవాళ్ల జేబులో ఎలాగూ ఫోను ఉంటుంది. ఆ ఫోను ఎక్కడ చేతులెత్తేసిందో తెలిస్తేనే, ఈ కెమెరా అక్కడ పనికొస్తుందో లేదో చెప్పగలం. ఫోనుకు చేతకానిది ఏమీ లేకపోతే కెమెరా అవసరమూ లేదు.

కాసేపు వేలితో తోసి తోసి మూడు తీసింది. మొదటిది సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో తీసింది. చెట్ల మీద గూడబాతులున్నాయని ఆమె చెబితే నమ్మాలి, నాకు మాత్రం సున్నం చుక్కల్లా కనిపించాయి. రెండోది గంగమ్మ జాతరలో రాత్రిపూట వేషం కట్టినాయన. మనిషి ఉండాల్సిన చోట పసుపు, కుంకుమ రంగుల చార ఉంది. మూడోది స్నేహితురాలి అక్క నిశ్చితార్థం, ఫంక్షన్ హాల్లో. పెళ్లికూతురి ముఖం మైనంతో పోసినట్టుంది, చీర జరీ అంతా కలిసిపోయింది.

ఈ మూడూ చెడిపోయింది మెగాపిక్సెళ్లు చాలక కాదు. ఆమె ఫోనులో ఇప్పటికే యాభై ఉన్నాయి. నలభై ఎనిమిదితో కొత్తగా వచ్చేదేముంది?

మెగాపిక్సెళ్ల గొడవ మన ఊరి స్థలాల భాషలో చెప్తే తొందరగా అర్థమవుతుంది. కెమెరా లోపల, వెనకటికి ఫిల్మ్ ఉండే చోట, ఇప్పుడు ఒక చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని సెన్సర్ అంటారు. అది భూమి అనుకోండి. మెగాపిక్సెళ్లు ఆ భూమిలో వేసిన ప్లాట్లు. ఒక సెంటు స్థలంలో నాలుగు ప్లాట్లు వేసినా, నలభై వేసినా భూమి సెంటే. ప్లాటు సైజు తగ్గుతుంది, అంతే. ఫోటోకి కావలసిన వెలుతురు పడేది భూమి మీద, బ్రోషర్ మీద కాదు.

ఇప్పుడు కొలతలు. పేరున్న కంపెనీల చవక కాంపాక్ట్ (జేబులో పట్టే చిన్న) కెమెరాల్లో మామూలుగా ఉండే సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే 28 చదరపు మిల్లీమీటర్లు. దీన్ని ఒక సెంటు అనుకుందాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే, లెన్సు మార్చుకునే వీలున్న కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ 22.3 బై 14.9 మిల్లీమీటర్లు, అంటే దాదాపు పన్నెండు సెంట్లు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు వాడే ఫుల్ ఫ్రేమ్ 36 బై 24, ముప్పై సెంట్లు దాటుతుంది. మరి ఫోను? ఇరవై, ఇరవై అయిదు వేల ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ సెంటుకూ రెండు సెంట్లకూ మధ్య ఉంటోంది. అలాంటి ఫోను చేతిలో పెట్టుకుని చవక కాంపాక్ట్ కెమెరా కొనడమంటే, ఉన్న స్థలం అమ్మి అంతకన్నా చిన్న స్థలం కొన్నట్టు.

ఇది పేరున్న కెమెరాల సంగతి. మా పాప చూపించిన ఆరు వేల సరుకు దీనికన్నా కింది మెట్టు. అందులో నలభై ఎనిమిది మెగాపిక్సెళ్లు అసలు సెన్సర్ మీద ఉండవు. ఇలాంటి కెమెరాల్లో ఎనిమిదో, పదమూడో మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్ పెట్టి, అది తీసిన బొమ్మను లోపలి ప్రోగ్రాముతో సాగదీసి పెద్ద ఫైలుగా రాయిస్తారు. అర శేరు పిండిలో చెంబుడు నీళ్లు పోసి యాభై దోసెలు పోశామని చెప్పుకున్నట్టు. మా వీధిలో ఒకాయన పదేళ్ల కొడుక్కి ఇలాంటిదే తెప్పించాడు. లెన్సు ముందుకు రాదు, వెనక్కి పోదు. ఫోకస్ ఫ్యాక్టరీలో ఎక్కడ బిగించారో అక్కడే, దగ్గరి పువ్వుకీ దూరపు కొండకీ ఒకటే. ఫ్లాష్ పేరుతో ముందు ఒక తెల్ల బల్బు. పిల్లవాడు రెండు వారాలు తిప్పి పక్కన పడేశాడు. పదేళ్లవాడికి కూడా వాళ్లమ్మ ఫోనే నయమని తెలిసిపోయింది.

ఇలాంటివి పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన బొమ్మను పెద్దది చేసి లెన్సు చుట్టూ ఉన్న రింగు మీద ఏం రాసుందో చదవండి. నిజమైన జూమ్ ఉన్న కెమెరా మీద రెండు జతల అంకెలుంటాయి. ఉదాహరణకు 4.3–21.5 ఎంఎం, దాని పక్కన 1:3.3–5.9 లాంటివి. మొదటి జతలో పెద్ద అంకెను చిన్న అంకెతో భాగిస్తే ఎన్ని రెట్ల జూమో తెలుస్తుంది, ఇక్కడ అయిదు. రింగు మీద అంకెల బదులు ఫోర్ కే, అల్ట్రా హెచ్‌డీ అని మాత్రమే పెద్ద అక్షరాల్లో ఉంటే, వివరాల్లో ఎక్కడా ఆప్టికల్ జూమ్ అన్న మాట లేకపోతే, ఇంక ఆ పేజీ మూసెయ్యొచ్చు.

అసలు ఈ పేరులేని కెమెరాలు ఇన్ని ఎందుకు పుట్టుకొచ్చాయంటే, పేరున్నవాళ్లు ఆ కొట్టు దాదాపు కట్టేశారు కాబట్టి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2010లో ప్రపంచం మొత్తానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. 2023కి అది 80 లక్షల లోపుకి పడిపోయింది. ముందు పోయింది చవక కాంపాక్ట్‌లే, ఎందుకంటే ఫోను సరిగ్గా వాటి పనే చేసింది. మిగిలిన చోట పాత పేర్లు కూడా అద్దెకు తిరుగుతున్నాయి. కొడాక్‌నే తీసుకోండి. 1975లో మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారైంది వాళ్ల ల్యాబులోనే. స్టీవ్ శాసన్ అనే ఇంజనీరు చేసిన ఆ పెట్టె మొత్తం పదివేల పిక్సెళ్ల బొమ్మ తీసి, క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. అదే కంపెనీ 2012 జనవరిలో దివాలా కోర్టు మెట్లెక్కింది. ఇప్పుడు కొడాక్ పిక్స్‌ప్రో పేరుతో దొరికే కెమెరాలు ఆ పేరును లైసెన్సు తీసుకున్న జేకే ఇమేజింగ్ అనే వేరే సంస్థవి. సరుకు మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. పేరు చూసి మన చిన్నప్పటి కంపెనీ అనుకుని కొనకూడదని మాత్రం చెబుతున్నా.

ఇంక ఆమె మూడు ఫోటోల దగ్గరికి వద్దాం.

నేలపట్టు గూడబాతుల సమస్య దూరం. ఇక్కడ ఆప్టికల్ జూమ్, డిజిటల్ జూమ్ తేడా తెలియాలి. ఆప్టికల్ అంటే లోపలి గాజు కదిలి దూరపు వస్తువును పెద్దదిగా తెచ్చి సెన్సర్ నిండా పరుస్తుంది. డిజిటల్ అంటే తీసిన ఫోటోలో నడిమి ముక్క కత్తిరించి సాగదీయడం. ఆ పని కత్తెరతో మనమూ చేసుకోవచ్చు. నాలుగు రెట్లు డిజిటల్ జూమ్ చేస్తే అడ్డంలో నాలుగో వంతు, నిలువులో నాలుగో వంతు, మొత్తం మీద పదహారో వంతు మిగులుతుంది. మా పాప చూపించిన కెమెరాలో పదహారు రెట్లన్నది డిజిటలే. పదహారు పదహార్లు 256. నలభై ఎనిమిది మెగాపిక్సెళ్లూ, అంటే నాలుగు కోట్ల ఎనభై లక్షల పిక్సెళ్లూ, నిజమేనని ఒప్పుకున్నా, పూర్తిగా జూమ్ చేసేసరికి మిగిలేది రెండు లక్షల పిక్సెళ్ల లోపు. ఈ లెక్క చెప్పేసరికి ఆమె ఫోను తిప్పి బోర్లా పెట్టింది.

నిజమైన జూమ్ ఉన్న కెమెరా అయితే కథ వేరు. సెన్సర్ సెంటే అయినా, ముప్పై నలభై రెట్ల ఆప్టికల్ జూమ్‌తో బ్రిడ్జ్ కెమెరాలని కొన్ని ఉన్నాయి. పగటి వెలుగులో నేలపట్టు వాచ్ టవర్ మీద మోచేతులు ఆనించుకుని తీస్తే గూడబాతు ముక్కు కింది సంచి కూడా కనిపిస్తుంది. అంత దూరం పైన చెప్పిన అయిదు రెట్ల బుల్లి కెమెరా లాగలేదు, మామూలు ఫోనూ లాగలేదు. చవకలో కొత్త కెమెరా కొని బాగుపడే సందర్భం ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదొక్కటే. అదీ ఎండ ఉన్నంతసేపే. జూమ్ చివరిదాకా లాగినప్పుడు లెన్సు రంధ్రం చిన్నదైపోతుంది. రింగు మీద 1: పక్కన రెండో అంకె దాన్నే చెబుతుంది, అది ఎంత పెద్దదైతే వెలుతురు అంత తక్కువ. ఫోను లెన్సు 1.8 దగ్గర ఉంటే ఇది 6.3 దగ్గర ఉంటుంది. అంటే అదే జాగాలో పడే వెలుతురు పన్నెండో వంతు. పొద్దుగూకి పక్షులు గూళ్లకు చేరే వేళకి ఆ కెమెరా సంచిలో పెట్టుకోవాల్సిందే.

జాతర ఫోటో నాకు ఎక్కువ ఇష్టమైన సమస్య. రాత్రి, వీధిలైటు, పైగా మనిషి గెంతుతున్నాడు. రాత్రిపూట ఫోన్లు ఒక తెలివి ప్రయోగిస్తాయి. ఒక్క ఫోటో తీయకుండా వరసగా చాలా తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురు కూడబెడతాయి. గోవిందరాజస్వామి గుడి గోపురం రాత్రిపూట ఫోనులో అంత శుభ్రంగా రావడానికి కారణం ఇదే, గోపురం కదలదు కదా. వేషం కట్టినాయన కదులుతాడు. పేర్చిన ఫోటోల్లో ఒక్కో దాంట్లో ఒక్కో చోట ఉంటాడు, అందుకే చార. ఫోను వెనకాల వెలిగే ఎల్ఈడీ ఫ్లాష్ కూడా దీనికి మందు కాదు, అది టార్చిలైటు లాగా వెలుగుతూనే ఉంటుంది.

పాత కాంపాక్ట్ కెమెరాల్లో ఉండేది జెనాన్ ఫ్లాష్. అది వెలిగేది సెకనులో వెయ్యో వంతు, ఇంకా తక్కువ కూడా. ఆ క్షణంలో గెంతేవాడి కాలు గాల్లో ఉంటే గాల్లోనే నిలిచిపోతుంది. విసిరిన పసుపు కూడా అంతే. రెండు మూడు మీటర్లు దాటితే ఆ వెలుగు పనిచేయదు, వెనకాల అంతా చీకటి గుయ్యారం అవుతుంది. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇప్పుడు కావాల్సింది ఆ రకం ఫోటోనే. వెనక నల్లగా, మనిషి తెల్లగా, కళ్లలో ఎర్ర చుక్క. మేము పదిహేనేళ్ల కిందట పోగొట్టుకోవాలని తంటాలు పడ్డ ఆ ఎర్ర చుక్క ఇప్పుడు ఫ్యాషన్. సరే, అది ఫోను ఇవ్వలేనిదే కాబట్టి కొనడానికి అదీ ఒక న్యాయమైన కారణమే. అయితే దానికి కొత్త కెమెరా ఎందుకు? జెనాన్ ఫ్లాష్ ఉన్న పాత కాంపాక్ట్ ఏదైనా చాలు. ఒలింపస్, ఫ్యూజీ పాతవాటిలో కొన్నింటికి ఎక్స్‌డీ కార్డు కావాలి, అది ఇప్పుడు తయారు కావడం లేదు. ఎస్‌డీ కార్డు పట్టేది, మామూలు పెన్సిల్ సెల్సుతో నడిచేది అయితే ఇబ్బంది ఉండదు. పాత కెమెరాల్లో ఉండే సీసీడీ రకం సెన్సర్ రంగులు వేరు అంటూ ఎక్కువ రేటు చెప్పేవాళ్లు ఉంటారు. ఆ రంగుల్లో ఎక్కువ భాగం అప్పటి కెమెరా లోపలి ప్రోగ్రామూ ఆ ఫ్లాషూ కలిసి ఇచ్చినవే. ఆ మాటకు అదనంగా డబ్బు పెట్టొద్దు.

మూడోది ఫంక్షన్ హాలు. చాలామంది ఇక్కడే, "అయితే డీఎస్‌ఎల్‌ఆర్ కొంటే సరిపోతుంది కదా" అంటారు. పూర్తిగా కాదు. నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే, మొదటి కెమెరా కొన్నప్పుడు. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే 18–55 లెన్సు జూమ్ చేసిన చివరన 5.6 దగ్గర ఉంటుంది. ఫోను లెన్సు 1.8. ఈ రెండు అంకెలను భాగించి వర్గం చేస్తే, అదే జాగాలో పడే వెలుతురు దాదాపు పదోవంతు. డీఎస్‌ఎల్‌ఆర్ భూమి పన్నెండు సెంట్లు, మంచి ఫోనుది రెండు సెంట్లు. ఆరు రెట్లు ఎక్కువ భూమి, పదోవంతు వాన. షట్టర్ (వెలుతురు కోసం తెరుచుకుని మూసుకునే తలుపు) వేగం ఒకటే అయితే మొత్తం చేరే వెలుతురు ఫోనుకే ఎక్కువ! పైగా ఫోను అయిదారు ఫోటోలు పేర్చుకుంటుంది. అందుకే నలభై వేలు పోసి కెమెరా కొని, ఇంట్లో ట్యూబులైటు కింద తీసి, "ఫోనే బాగుంది కదరా" అనుకునేవాళ్లు కనిపిస్తుంటారు.

అదే శరీరానికి 50 ఎంఎం, 1.8 లెన్సు తగిలిస్తే అప్పుడు పన్నెండు సెంట్లూ తడుస్తాయి. పెళ్లికూతురి ముఖం మైనంలా ఉండదు, జరీ పోగులు విడివిడిగా తెలుస్తాయి, వెనక లైట్లు మెత్తగా కరుగుతాయి. కాబట్టి హాలు ఫోటోలే కావాలనుకుంటే డబ్బు కెమెరా మీద తగ్గించి లెన్సు మీద పెట్టాలి. అంటే సెకండ్‌హ్యాండ్.

కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మాత్రం కొనమని చెప్పను. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయాయి. స్టూడియోల వాళ్లూ అటే మారుతున్నారు కాబట్టి పాతవి బయటికొస్తున్నాయి. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా అడగాల్సిన కాలం ఆషాఢం, లేకపోతే మూఢం. ముహూర్తాలు నడుస్తున్నప్పుడు ఫోటోగ్రాఫరు ఫోనే ఎత్తడు, ఇంక కెమెరా ఏం అమ్ముతాడు.

చూసేటప్పుడు తొందరపడొద్దు. ఈ తరగతి కెమెరాల షట్టర్‌ను సుమారు లక్ష ఫోటోల లెక్కకు చేస్తారు. పెళ్లిళ్లలో తిరిగిన కెమెరా ఆ లక్ష ఎప్పుడో దాటేసి ఉండొచ్చు. నికాన్ అయితే అది తీసిన ఫోటో ఫైలులోనే ఎన్నో ఫోటో అన్నది నమోదై ఉంటుంది. కెనాన్ చిన్న మోడళ్లలో ఆ అంకె ఫైలులో కనపడదు, అమ్మేవాడి మాట మీదా, గ్రిప్పు రబ్బరు ఎంత అరిగిందన్న దాని మీదా ఆధారపడాలి. లెన్సు విప్పి వెనక నుంచి ఫోను టార్చి కొట్టి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా తెల్లగా కనిపిస్తే అది బూజు. అలాంటిది సగం రేటుకిచ్చినా వద్దు, మీ దగ్గరున్న మిగతా లెన్సులూ అదే సంచిలో ఉంటాయి. లెన్సు రంధ్రం 22 దగ్గర పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము చుక్కలుగా బయటపడుతుంది. అది తుడిస్తే పోతుంది, బేరానికి మాత్రం పనికొస్తుంది. ఇంకొక్క మాట, నికాన్ 3000, 5000 వరస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవకగా వచ్చిందని పాత రకం లెన్సు కొంటే ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి.

అదనపు ఖర్చులు పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. కార్డు, సంచి, ఫోనులోకి ఫోటోలు ఎక్కించే చిన్న రీడరు. ఆ చివరిది లేకపోతే కెమెరా నెల రోజుల్లో మూలన పడుతుంది, ఇది నేను చాలా ఇళ్లల్లో చూశాను. తీసిన ఫోటో రాత్రికి స్టేటస్‌లో పడకపోతే ఈ కాలం పిల్లలకు ఉత్సాహం ఉండదు.

తీసిన ఫోటో చివరికి ఎక్కడ చూస్తామన్నది కూడా ఆలోచించాలి. ఆల్బంలో పెట్టుకునే నాలుగు ఆరు అంగుళాల ప్రింటుకు అంగుళానికి మూడు వందల చుక్కల లెక్కన 21.6 లక్షల పిక్సెళ్లు చాలు. రెండు మెగాపిక్సెళ్లు కాస్త దాటితే సరి. కొండ మీదికి తీసుకుపోదామని కొనేవాళ్లు కూడా ఉన్నారు. గుడిలోకి ఫోనూ పోదు, కెమెరా పోదు. అలిపిరి మెట్ల మీద తీసుకునే ఫోటోలకు ఫోను ధారాళంగా సరిపోతుంది.

ఇదంతా విన్నాక పాప, "అంటే కొనద్దంటావు" అంది.

"పక్షులకైతే నిజమైన జూమ్ ఉన్నది, డబ్బు పోగేసుకుని. హాలు ఫోటోలకైతే ఆషాఢం వచ్చేదాకా ఆగు. జాతరకి ఫ్లాష్ కావాలంటే..."

వంటింట్లోంచి మా అక్క అడ్డం వచ్చింది. "బీరువాలో మీ నాయన కొన్న కెమెరా ఉండాది కదే, నువ్వు పుట్టిన కొత్తల్లోది."

పాత చీరల కింద నుంచి తీశాం. ఏడు మెగాపిక్సెళ్లు, మూడు రెట్ల జూమ్. సెల్సు కారి గది అంతా తెల్లగా, పచ్చగా పొక్కి ఉంది. దూది పుల్లకు నిమ్మరసం అద్ది తుడిచి, ఆరబెట్టి, గోడ గడియారంలోవి ఒకటి, టీవీ రిమోట్‌లోవి ఒకటి తెచ్చి వేస్తే వెలగలేదు. వీధి చివర అంగడి నుంచి కొత్త సెల్సు తెచ్చాక లెన్సు కీచుమంటూ బయటికొచ్చింది. లోపల 2 జీబీ కార్డు కూడా అలాగే ఉంది.

పాప మొదటి ఫోటో వాళ్ల అవ్వది తీసింది, వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే. ఫ్లాష్ దెబ్బకి అవ్వ కళ్లు మూసుకుంది. కెమెరాలోని గడియారం ఎప్పుడో సున్నాకి పోయినట్టుంది, ఫోటో మూలన పసుపు అంకెల్లో 2008 జనవరి 1 అని పడింది. అవ్వ ఆ కెమెరాను కళ్లకు దగ్గరగా పెట్టుకుని తేదీ చదివించుకుని, "అబద్ధం. అప్పటికి నాకు పండ్లన్నీ ఉండె" అంది.